కీ ఇవ్వని బొమ్మ

తెల్లారితే పాడ్యమి. రత్నమాల మంచం కింది రేకుపెట్టెను ముందుకు లాక్కుని, చాప వేసుకుని కూర్చుంది. పాత చీరముక్కల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పి, పొడిగుడ్డతో తుడిచి, పక్కన వరుసగా నిలబెట్టింది. వామనుడి గొడుగు ఈసారి కూడా ఊడింది. దానికి జిగురు రాసి, ఆరేదాకా రెండు వేళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. హాల్లో సోఫాను గోడకు జరిపి, పీటలు, అట్టపెట్టెలు, కాలు విరిగిన చెప్పుల స్టాండు కలిపి అప్పటికే మెట్లు కట్టింది. పైన తెల్లపంచె పరిచాక ఏది పీటో ఏది స్టాండో తెలియకుండా పోయింది.

పై మెట్టు మీద అమ్మవారు. ఆ కింద దశావతారాలు. ఆ కింద కొండపల్లి అంబారీ ఏనుగు, పెళ్లి ఊరేగింపు. అన్నిటికంటే కింద పచారీ కొట్టు శెట్టిగారు, ఆయన భార్య, వాళ్ల పక్కన రేకు మరమనిషి.

అది జానెడు పొడుగుంటుంది. ఒకప్పుడు నీలంరంగు. ఛాతీ మీద గుండ్రటి మీటర్లు అచ్చు వేసి ఉన్నాయి. కళ్లు ఎర్రటి చుక్కలు. వీపు మీద రెండు రెక్కల కీ ఉంది. మిగతా బొమ్మలను ఎలా తుడిచినా, దీన్ని మాత్రం రత్నమాల పైనుంచి కిందికే తుడుస్తుంది. పొరపాటున కూడా కీ తిరగకూడదు.

“అమ్మా, ఆ రోబో నాకు కావాలి,” అన్నాడు లోహిత్. ఆఫీసు నుంచి వచ్చి, ఇంకా మెడలో ట్యాగు కూడా తియ్యలేదు.

“కొలువులో పెట్టాక దశమి దాకా కదపకూడదు రా.”

“కదపక్కర్లేదు. మేమే ఇక్కడికి వచ్చి షూట్ చేసుకుంటాం.”

లోహిత్ పనిచేసే కంపెనీ మాదాపూర్‌లో ఉంది. పిల్లలతో మాట్లాడే రోబో బొమ్మ చేస్తారు. పేరు నేస్తం. పాఠాలు చెబుతుంది, పాటలు పాడుతుంది, అన్నం తినమని బతిమాలుతుంది. ఎంత చేసినా అమ్ముడు పోవడం లేదు. వాళ్ల టీములో సగం మందిని పోయిన నెల ఇంటికి పంపేశారు. ఆ సంగతి లోహిత్ చెప్పలేదు. అతని భార్య హర్షిణి చెప్పింది. బతుకమ్మకని పాపను తీసుకుని శేరిలింగంపల్లిలోని పుట్టింటికి పోతూ, చెప్పులు వేసుకుంటూ చెప్పింది. “అత్తమ్మా, ఆయన్ని జర చూస్కోండి. రాత్రిపూట నిద్ర పోతలేడు. అడిగితే ఏం లేదంటడు.”

అందుకే రత్నమాల వెంటనే కాదనలేకపోయింది.

“దీంతో మీకేం పని? మీ రోబోలు మాట్లాడతాయిగా.”

“కథ కావాలమ్మా. వస్తువు అందరి దగ్గరా ఉంది. కథ లేదు,” అన్నాడు లోహిత్.

మర్నాడు పూజయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆమె కుంకుమ చేతిని కొంగుకు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకుంది. తెర మీద పాత పిల్లల మాసపత్రికలోని కాగితంలాంటి పసుపుపచ్చ పేజీ. దాని మీద నాలుగు గళ్లలో బొమ్మల కథ. మొదటి గడిలో అమ్మ బిందెతో నీళ్లు మోస్తోంది. రెండో గడిలో మరమనిషి ఆ బిందె అందుకుంటోంది. మూడో గడిలో దొంగ గోడ దూకుతున్నాడు. నాలుగో గడిలో మరమనిషి వాడి చొక్కా పట్టుకుంది. కింద చుక్కలగీతతో కూపను.

“పిలిస్తే పలుకుతుంది,” అంది రత్నమాల. తెర మీద అక్షరాలు ఇంకా పైకి రాలేదు. “చెబితే చేస్తుంది. నిద్రపోదు, అలసిపోదు, అబద్ధమాడదు. వి.పి.పి.లో మీ ఇంటికే వస్తుంది. నేడే రాయండి.”

లోహిత్ నవ్వాడు. “నువ్వు చెప్పిందే కదమ్మా. నా చిన్నప్పుడు అన్నం పెడుతూ చెప్పేదానివి. అదే గీయించాను.”

ఆ మాటలు ఆమెవి కావు, అన్నయ్య రామచంద్రానివి. రేపల్లె గ్రంథాలయంలో బ్లేడుతో ఆ పేజీ కోసుకొచ్చి, చొక్కాలోపల దాచుకుని, ఎవరూ లేనప్పుడు చెల్లెలికి చదివి వినిపించేవాడు. “ఇది వస్తే అమ్మ బావికి వెళ్లక్కర్లేదే,” అనేవాడు. వాడు నవ్వితే పైపంటి సందు కనిపించేది.

లోహిత్ పేజీని కిందికి జరిపాడు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంది: ఒక అబ్బాయి ఆ కూపన్ పంపాడు. రోబో వచ్చింది. అబ్బాయి కీ తిప్పాడు. అది బుడిబుడి నడకలతో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. ఆ అబ్బాయి ఇవాళ తాతయ్య. తన మనవరాలికి నేస్తాన్ని ఇస్తున్నాడు.

రత్నమాల కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

“వాడు తిప్పలేదురా.”

“తెలుసమ్మా.”

“పార్సెల్ వచ్చేసరికి వాడి కర్మకాండ కూడా అయిపోయింది. నాన్న మాట్లాడకుండా పోస్టుమ్యాన్‌కి డబ్బు కట్టి తీసుకున్నారు. అమ్మ దాన్ని కొలువులో పెట్టింది. ఎవరూ కీ ఇవ్వకండి, అది అన్నయ్యది, మొదట వాడే ఇవ్వాలి అంది. నీకు అన్నీ చెప్పాను కదా.”

“చెప్పావు. కానీ చచ్చిపోయిన పిల్లాడి బొమ్మ అంటే ఎవరు కొంటారమ్మా?”

అన్న తర్వాత వాడికే ఆ మాట ముల్లులా దిగినట్టుంది. ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. సోఫాలో పేపరు చదువుతున్న వాడి తండ్రి రామబ్రహ్మం కాగితం పక్కకు తప్పించి చూశాడు.

“పోనీలేవే. ప్రకటనే కదా. ప్రకటనలో నిజం ఎవరు వెతుకుతారు?” అన్నాడాయన.

“ఇది పోతే నేనూ పోతానమ్మా,” అన్నాడు లోహిత్ మెల్లగా. “ఇది నా ఐడియా. పైవాళ్లకు నచ్చింది ఇదొక్కటే.”

రత్నమాల కొలువువైపు చూసింది. అన్నయ్య కోసం రావలసినవన్నీ ఆగిపోయాయి. వాడి ఆరో తరగతి, వాడి ఒడుగు, వాడి పెళ్లి. ఈ బొమ్మ నడక ఒక్కటే ఇంకా రావలసి మిగిలింది. కీ తిరగనంత కాలం అది వాడిదే, వాడి కోసమే ఆగి ఉంది. దీన్ని ఎప్పుడూ ఎవరికీ ఇలా విడమరిచి చెప్పలేదు. చెబితే కొడుక్కి ఎలా వినిపిస్తుందో ఆమెకు తెలుసు.

“తీసుకోండి. చేతిలో పట్టుకోండి, ఫొటోలు తీసుకోండి. కీ మాత్రం తిప్పకూడదు.”

“తిప్పం.”

“అమ్మవారి ఎదురుగా చెప్పు.”

లోహిత్ కొలువుముందు నిలబడి, చిన్నపిల్లాడిలా చెయ్యి గుండెమీద పెట్టుకుని చెప్పాడు.

విదియ నాడు పొద్దున్నే షూటింగ్ వాళ్లు వచ్చారు. లిఫ్టులో సామాను పట్టక మూడుసార్లు తెచ్చారు. దీపాలు, తెల్లబోర్డులు, నల్లగుడ్డలు, తీగలు. హాలంతా నిండిపోయింది. వాచ్‌మన్ పైకి వచ్చి నీళ్ల ట్యాంకరుకు దారి లేదు, వాళ్ల బండి తియ్యమని ఒకటే గొడవ. అందరి మీదా పెత్తనం చేస్తున్న కుర్రాడి పేరు హేమంత్. మాట మాటకీ “ఆంటీ, సూపర్” అంటున్నాడు.

“ఆంటీ, కొలువు సూపర్. ఈ రోబోని మాత్రం అమ్మవారి పక్కకి పెడదాం. ఫ్రేములో బాగుంటుంది.”

“కదపకూడదు బాబూ.”

“జస్ట్ మూడు మెట్లు ఆంటీ.”

పెట్టేశాడు. రత్నమాల లోహిత్‌వైపు చూసింది. వాడు తీగ విప్పుతున్నాడు.

తాతయ్య వేషం కట్టడానికి వచ్చినాయన చెప్పుల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన పేరు చంద్రయ్య. లాల్చీ తొడిగి, జుట్టుకు తెల్లపౌడరు అద్దారు. రత్నమాల టీ ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

“గీ బొమ్మ మీ అన్నదంట కదా చెల్లె. నేనే మీ అన్నను అన్నరు,” అని నవ్వాడు. “ఇప్పుడు యాడుంటడు? పిలిస్తే అయిపోతుండె కదా, నాకెందుకు గీ పౌడరు.”

“లేడండి. చిన్నప్పుడే పోయాడు. పదకొండేళ్లు.”

చంద్రయ్య టీ కప్పు కింద పెట్టాడు. “అరె. నాకు జెప్పనే లేదు. బొమ్మకు కీ తిప్పి నవ్వమన్నరు, గంతే.”

“కీ తిప్పమన్నారా?”

“తిప్పితే నడుస్తదంట. నడుస్తుంటే నేను సంబురంగ నవ్వాలె.”

“తిప్పరండి. మా అబ్బాయి మాటిచ్చాడు. తిప్పినట్టు చేస్తే చాలు.”

“గట్లనే జేస్త చెల్లె. ఫికర్ చెయ్యకు.”

ఆమె లోపలికి వెళ్లి విస్తరాకు దొన్నెలో పులిహోర ప్రసాదం తెచ్చి ఇచ్చింది. ఆయన కళ్లకద్దుకుని తింటుంటే కాసేపు నిలబడి చూసింది. అన్నయ్యకు యాభై ఏడేళ్లు వస్తే ఎలా ఉంటాడో ఆమె ఎప్పుడూ అనుకోలేదు. వాడి చెవుల మీద ఇలాగే వెంట్రుకలు వస్తాయా? మెతుకు గడ్డానికి అంటుకుంటే ఇలాగే చేతి వెనకవైపుతో తుడుచుకుంటాడా? ఎంత చూసినా ఈ ముఖంలోకి ఆ పంటిసందు రాలేదు.

తర్వాత ఆమెను వంటింట్లో ఉండమన్నారు, చప్పుడు చెయ్యొద్దన్నారు. స్టవ్ కట్టేసి, గట్టు పట్టుకుని నిలబడింది. హాల్లోంచి హేమంత్ గొంతు వినపడుతోంది. “సార్, తిప్పినట్టు కాదు, నిజంగా తిప్పాలి. వేళ్ల మీద ఆ టైట్‌నెస్ కనిపించాలి.” చంద్రయ్య ఏదో అన్నాడు, వినపడలేదు. “లోహిత్, నువ్వు చెప్పు సార్‌కి.” లోహిత్ ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో తెలియలేదు.

ఆ తర్వాత గిర్రుమని ఒక చప్పుడు. బిగువు లేదు, టిక్కుటిక్కు లేదు. ఖాళీ డబ్బా మూత తిరిగినట్టు ఉంది.

ఆమె వచ్చేసరికి చంద్రయ్య బొమ్మను ఒడిలో పెట్టుకుని, చేసిన తప్పు ఎక్కడ దాచాలో తెలియనట్టు కూర్చున్నాడు. లోహిత్ తెల్లబోర్డు ఎత్తిపట్టుకుని ఉన్నాడు. రెండు చేతులా, కదలకుండా, మాష్టారు బెంచీ ఎక్కించిన పిల్లాడిలా.

“తిప్పనంటి చెల్లె. గాయన ఊకోలే,” అన్నాడు చంద్రయ్య.

“ఆంటీ, స్ప్రింగ్ పోయినట్టుంది. టూ మినిట్స్,” అంటూ హేమంత్ అప్పటికే బొమ్మను తలకిందులు చేసి, చిన్న స్క్రూడ్రైవరుతో పాదాల కింది రేకు నాలుకలు ఒక్కొక్కటే లేపుతున్నాడు. “ఇంతకుముందే ఎవరో విప్పారు. చూడు లోహిత్, ఇవి వంచి మళ్లీ వంచినవి.” ఒక నాలుక విరిగింది. మూత వచ్చింది.

లోపల స్ప్రింగ్ లేదు. పళ్లచక్రాలు లేవు. కీ నుంచి వచ్చిన చువ్వ ఒకటి మధ్యలో ఊరికే వేలాడుతోంది. దాని చుట్టూ, తలలోకి, చేతుల్లోకి, కాళ్లలోకి, కూరి కూరి పత్తి. హేమంత్ లాగితే పొట్లం విప్పినట్టు చాప మీద రాలింది. విడిపత్తి కాదు. పువ్వొత్తులు. ముదిరి, పసుపెక్కి, ఒకదానికొకటి అతుక్కున్న పువ్వొత్తులు.

“అయ్యో. ఆ రోజుల్లోనే ఆన్‌లైన్ మోసం!” అన్నాడు ఎవరో. నవ్వారు.

రత్నమాల కింద కూర్చుంది. ఒక వత్తి తీసి అరచేతిలో పెట్టుకుంది. కాడ చివర ఎడమవైపు మెలి. ఆమె తల్లి ఎడమచేతివాటం మనిషి. ఆ చేత్తో మెలి పెడితే వత్తి అలాగే తిరిగేది. గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో, అన్నయ్యకు కామెర్లు ముదిరినప్పుడు, తల్లి లక్షవత్తుల నోము మొక్కుకుంది. పిల్లవాడు లేస్తే వెలిగిస్తానంది. రాత్రీ పగలూ వత్తులు చేసింది. ఎనిమిదేళ్ల రత్నమాల పక్కన కూర్చుని పత్తిలో గింజలు ఏరింది. పిల్లవాడు లేవలేదు. ఆ వత్తులు ఏమయ్యాయని తర్వాత ఎవరూ అడగలేదు.

మొక్కిన వత్తులు పారెయ్యకూడదు. తీరని మొక్కుకు వెలిగించకూడదు.

అంటే అమ్మ దీన్ని విప్పింది. పార్సెల్ వచ్చిన రోజో, ఆ మర్నాడో కీ తిప్పి చూసి ఉంటుంది. ఏమీ లేదని తెలిసి ఉంటుంది. కొడుకు బతికి ఉన్నా ఇది నడిచేది కాదని, బిందె మొయ్యదని, వాడు ఆ పేజీ పట్టుకుని కూర్చుని ఏడ్చేవాడని తెలిసి ఉంటుంది. అంతా తెలిసి, ఖాళీని వత్తులతో నింపి, మూత వేసి, కూతురి కళ్లలోకి చూస్తూ, ఎవరూ కీ ఇవ్వకండి అంది. చనిపోయేదాకా ప్రతి దసరాకీ అంది.

“ఆంటీ, డోంట్ వర్రీ,” అన్నాడు హేమంత్. “గ్రాఫిక్స్‌లో నడిపించేద్దాం. అసలు అదే ఈజీ.”

రత్నమాల వత్తులన్నీ కొంగులోకి ఎత్తుకుంది. చాప అంచు కింద దొర్లినవాటిని చంద్రయ్య వంగి ఏరి తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన సంబరంగా నవ్వాల్సిన షాటు చాలాసార్లు తీశారు. చివరికి నవ్వాడు.

వాళ్లు వెళ్లాక లోహిత్ మెట్లు సర్దాడు. మరమనిషిని తెచ్చి శెట్టిగారి పక్కన పెట్టాడు. రేకు నాలుక విరిగినచోట మూత సరిగా కూర్చోక, బొమ్మ కాస్త పక్కకు ఒరిగింది.

“అమ్మా.”

“అన్నం తిను.”

“నేను వద్దనేవాణ్ణే. కానీ అందరూ చూస్తున్నారు.”

“తిను నాన్నా.”

ఆ తర్వాతి రోజుల్లోనూ ఆమె పూజ మానలేదు. పొద్దున్నే లలిత చదివింది, నైవేద్యం పెట్టింది, ముత్తయిదువలకు తాంబూలాలిచ్చింది. హారతి తిప్పుతుంటే మాత్రం చూపు కిందిమెట్టుకు జారేది. మట్టితో చేసిన అమ్మవారు కూడా లోపల డొల్లే. విష్ణుమూర్తీ డొల్లే. అది తెలిసే కదా దండం పెడుతున్నాం, మరి దీనికెందుకింత కష్టపెట్టుకోవడం తల్లీ, అని అమ్మవారినే అడిగింది. జవాబు కోసం కాసేపు ఆగింది కూడా. కిందనుంచి ట్యాంకరు హారను మోగింది.

ఒకరోజు పొద్దున ఆ వత్తుల్లోంచి ఒకటి తీసి, నేతిలో ముంచి ప్రమిదలో వేసింది. తప్పేమో తెలియదు. అడగడానికి అమ్మ లేదు. వెలిగించింది. మామూలు వత్తిలాగే వెలిగింది. మామూలు వత్తి అయిపోయినంత సేపట్లోనే అయిపోయింది. మిగతావాటి మూట కట్టి దేవుడి అలమారలో వెనక్కి నెట్టేసింది.

సద్దుల బతుకమ్మ మర్నాడు హర్షిణి, పాప వచ్చారు. తలుపు తియ్యగానే రసజ్ఞ చెప్పులతోనే లోపలికి దూసుకొచ్చింది.

“నానమ్మా! మన రోబో నడిచింది! ఫోన్ల చూసినం! అమ్మమ్మ, మామ, అందరు చూసినం!”

వెనకే హర్షిణి బతుకమ్మ పళ్లెం దించుతూ అంది. “నిన్నటి నుంచి గదే అత్తమ్మా. వంద సార్లు చూసుంటది. మా వాడకట్టోళ్లందరికీ చూపెట్టింది. ఆ ముసలాయన నవ్వితే మా అమ్మ కండ్లల్ల నీళ్లు.”

ప్రకటన బాగా నడుస్తోందట. లోహిత్‌కు మేనేజరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడట. కింది అంతస్తు అమ్మణ్ణిగారు కూడా పొద్దున పసుపుకుంకాలకు వచ్చి, “మీ అన్నయ్యగారు ఎంత బాగున్నారండీ, దసరాకు రాలేదా?” అని అడిగి వెళ్లింది. రత్నమాల ఆవిడ చేతిలో పండు పెట్టింది.

రసజ్ఞ అప్పుడే కొలువుముందు మోకాళ్ల మీద కూర్చుంది. “నడువు,” అంది మరమనిషితో.

రత్నమాల వచ్చి పక్కన కూర్చుంది. “నడవదు తల్లీ.”

“నడుస్తది. నేను చూసిన.”

“అది ఫోన్లో. కంప్యూటరు మీద నడిపించారు. ఇది ఎప్పుడూ నడవలేదు. దీని లోపల ఏమీ లేదు.”

“అమ్మా, చిన్నపిల్ల. వదిలెయ్,” అన్నాడు లోహిత్ వాకిట్లోంచి.

“లేదురా. చెప్పనీ.” ఆమె గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెరగడం తక్కువ. “లోపల ఏమీ లేదమ్మా. నన్నూ ఇది నడుస్తుందని నమ్మించే పెంచారు.”

రసజ్ఞ నాయనమ్మ ముఖంలోకి జాలిగా చూసింది. “నీకు తెల్వదు నానమ్మా. నువ్వు ఎన్నడు కీ ఇయ్యలేదంట కదా. డాడీ చెప్పిండు.”

రత్నమాల చెయ్యి చాచింది. దశమి ఇంకా రాలేదు. అయినా బొమ్మను మెట్టు మీదినుంచి తీసింది. చేతికి కాగితంలా తేలిగ్గా తగిలింది. కీని రెండు వేళ్లతో పట్టుకుంది. ఆమె వేళ్లు దాన్ని తాకడం అదే మొదలు. తిప్పింది. గిర్రున తిరిగింది. మళ్లీ తిప్పింది, పిల్లకు కనిపించేలా, నెమ్మదిగా. నేలమీద నిలబెట్టి వదిలింది. అది పక్కకు ఒరిగి, అలాగే ఉండిపోయింది.

“చూశావా?” అంది.

రసజ్ఞ చాలాసేపు చూసింది. తర్వాత బొమ్మను నిటారుగా సర్ది, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“మనమందరం చూస్తున్నమని సిగ్గు పడుతది. నువ్వు పో నానమ్మా. నేనొక్కదాన్నే ఉంటే నడుస్తది.”

హర్షిణి నవ్వింది. రామబ్రహ్మం కూడా నవ్వాడు. లోహిత్ నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

రత్నమాల లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలో పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, ముద్దలు చేసి పట్టుకొచ్చింది. అప్పటికి అన్నం వేళ దాటిపోయింది. పిల్ల మోకాళ్లు కావలించుకుని, బొమ్మకు కాస్త ఎడంగా, దానికి దారి వదిలి కూర్చుని ఉంది.

“ముద్ద తిను తల్లీ.”

“ఉష్,” అంది రసజ్ఞ, తల తిప్పకుండా.